ఇంటి నెట్‌కి వీపీఎన్ కావాలా? ముందు నెల రోజులు ఇలా పరీక్షించి చూడండి

ప్రశ్న: మాది కాకినాడ. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. మా వారు ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌తో వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తారు. అమ్మాయి బీటెక్ చదువుతోంది, హాస్టల్లో ఉండి శని, ఆదివారాలు ఇంటికొస్తుంది. మామగారు పెన్షన్ పడిందో లేదో చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం అన్నీ ఫోన్లోనే. ఈ మధ్య ఏ వీడియో పెట్టినా వీపీఎన్ ప్రకటనలే. అది లేకపోతే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని, నెట్ కంపెనీ మనం చేసేవన్నీ చూస్తోందని, పెట్టుకుంటే వీడియోలు ఆగకుండా వస్తాయని చెబుతున్నారు. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు కూడా ‘అక్కా, మీరు వీపీఎన్ పెట్టుకుంటే వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు’ అంటున్నాడు. రెండేళ్లకు ఒకేసారి కడితే బాగా తగ్గింపు, 30 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వెనక్కి అంటున్నారు. తీసుకోవచ్చా? రౌటర్లోనే పెట్టేస్తే ఇంట్లో అందరికీ సరిపోతుందా? (ఒక పాఠకురాలు)

సమాధానం: వీపీఎన్ అంటే మీ నెట్ వాడకాన్నంతా సీలు వేసి, ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ. దానికి రెండేళ్ల డబ్బు ఒకేసారి కట్టకండమ్మా. తీసుకుంటే ఒక్క నెలకే తీసుకోండి, లేదా 30 రోజుల గడువులోపల నిజంగా పరీక్షించి, నచ్చకపోతే డబ్బు వెనక్కి తీసుకునేలా ముందే ఏర్పాటు చేసుకోండి. రౌటర్లో మాత్రం ఇప్పుడే వద్దు. అంతకన్నా ముందు, మీరు రాసిన నాలుగు కారణాల్లో వీపీఎన్ తీర్చేవి ఎన్నో చూద్దాం. నాలుగింటిలో ఒక్కటే నిలబడుతుంది, అదీ సగమే.

బ్యాంకు సంగతి మొదట. బ్యాంకు యాప్‌కీ బ్యాంకు సర్వర్‌కీ మధ్య నడిచే సమాచారం వీపీఎన్ ఉన్నా లేకపోయినా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య రూపంలోనే ఉంటుంది. బ్రౌజర్లో అడ్రస్ ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలైతే అక్కడా అంతే. మీ నెట్ కంపెనీకి మామగారు ఏ బ్యాంకు సైటుకి వెళ్లారో తెలియొచ్చు కానీ పాస్‌వర్డ్, ఖాతాలో ఎంతుంది, ఎవరికి పంపారు అనేవి తెలియవు. మన దగ్గర ఖాతాలు ఖాళీ అవుతున్న దారులు వేరు. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కడం, ఫోన్ చేసినవాడికి ఓటీపీ చెప్పడం, వాడు చెప్పాడని స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవడం, ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిస్తే డబ్బు పంపడం. వీటిలో ఒక్కదాన్నీ వీపీఎన్ ఆపలేదు. దొంగ యాప్ ఫోన్లోనే కూర్చుని మెసేజ్‌లు చదువుతుంటే, బయటి దారికి ఎంత తాళం వేసినా ఉపయోగం లేదు. మామగారి ఫోన్లో చేయాల్సిన పని వేరే ఉంది. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అన్న చోట వాట్సాప్‌కీ, బ్రౌజర్‌కీ, ఫైల్స్ యాప్‌కీ అనుమతి తీసేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఆయనకు చెప్పి, ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసిపెట్టండి.

రెండోది, నెట్ కంపెనీ చూడడం. ఇది నిజమే. ఏ సైటుకి, ఏ సమయంలో, ఎంత డేటా వెళ్లిందో వాళ్లకు కనిపిస్తుంది. కనెక్షన్ రికార్డులను రెండేళ్లపాటు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనల్ని మార్చింది కూడా. వీపీఎన్ వేస్తే ఆ కంపెనీకి కనిపించేది ఒక్కటే: మీ ఇంటి నుంచి ఏదో ఒక వీపీఎన్ సర్వర్‌కి ఇంత డేటా వెళ్లింది అని. అయితే ఇక్కడే ప్రకటనలు చెప్పని మాట ఒకటుంది. మీ ఉత్తరాలన్నీ వీధి పోస్ట్‌మన్‌కి కనపడకుండా పెద్ద సంచిలో వేసి, సీలు వేసి, ఇంకో ఊరి పోస్టాఫీసుకి పంపారనుకోండి. ఇక్కడి పోస్ట్‌మన్‌కి ఏమీ తెలియదు, కానీ అక్కడ సంచి విప్పేవాడికి ఏ ఉత్తరం ఎవరికో అంతా తెలుస్తుంది. ఆ విప్పేవాడే వీపీఎన్ కంపెనీ. నెట్ కంపెనీ మీద పెట్టాల్సిన నమ్మకాన్ని తీసి ఇంకొకరి చేతిలో పెడుతున్నారు, అంతే. ఆ ఇంకొకరు ఎవరన్నదాని మీదే వీపీఎన్ మేలో కీడో తేలుతుంది. గూగుల్‌లో, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయి ఉంటే వాళ్లకు మీరెవరో ఎటూ తెలుసు. వీపీఎన్ వల్ల అక్కడ మారేదేమీ ఉండదు.

మూడోది, వేగం. వీపీఎన్ వల్ల వేగం మామూలుగా తగ్గుతుంది. డేటా ఒక అదనపు మజిలీ తిరిగి వెళ్తుంది కాబట్టి మామూలుగా పెరగదు. రాత్రి ఎనిమిది తర్వాత ఒక్క సైటు మాత్రమే నెమ్మదిస్తూ, మిగతావన్నీ బాగానే వస్తుంటే మాత్రం తేడా కనిపించొచ్చు. నెట్ కంపెనీ ఆ సైటుకి వెళ్లే దారిలో రద్దీ ఉంటే వీపీఎన్ ఇంకో దారిలో తీసుకెళ్తుంది. ఇది అరుదు. హాల్లో రౌటర్ పెట్టి వెనక గదిలో టీవీ చూసే ఇళ్లలో ఆగిపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ చాలు. మీకు వస్తున్నది 100. టీవీకి లాన్ కేబుల్ లాగించండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. ఎఫ్‌యూపీ (పూర్తి వేగంతో వాడుకునే డేటా పరిమితి) అయిపోతే వీపీఎన్ దాన్ని దాటిస్తుందన్న ప్రచారం కూడా ఉంది. దాటించదు. పైగా ప్రతి ప్యాకెట్‌కీ అదనపు పొర చేరుతుంది కాబట్టి 100 జీబీ వాడకానికి నాలుగైదు జీబీ ఎక్కువే ఖర్చవుతుంది.

ఇక మీ తమ్ముడి మాట. ఇది జాగ్రత్తగా చదివి అతనికి కూడా చెప్పండి. వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్‌కి అడ్డు ఉన్నది దుబాయ్ వైపు నెట్‌వర్క్‌లో. కాకినాడలో మీరు వీపీఎన్ పెట్టుకున్నంత మాత్రాన అక్కడి అడ్డు తొలగదు. అతను అక్కడ పెట్టుకోవాలి, అదే ప్రమాదం. యూఏఈలో వీపీఎన్ ఉండడమే నేరం కాదు. కానీ నేరం చేయడానికో, దాన్ని కప్పిపుచ్చడానికో ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే చిరునామా) మార్చి వాడితే, 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం కింద జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉన్నాయి. వీసా మీద, ఉద్యోగం మీద బతికే మనిషి ఒక వీడియో కాల్ కోసం ఆ గీత దగ్గరికి వెళ్లకూడదు. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లు ఉన్నాయి: బోటిమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, జూమ్, గూగుల్ మీట్. మీ ఇద్దరి ఫోన్లలోనూ గూగుల్ మీట్ వేసుకోండి, పైసా ఖర్చు లేదు.

మరి వీపీఎన్ ఎవరికి పనికొస్తుంది? మీ ఇంట్లో చూస్తే మీ అమ్మాయికి. హాస్టల్ వైఫై, రైల్వేస్టేషన్ వైఫై, కేఫ్ వైఫై లాంటివి ఎవరు నడుపుతున్నారో, మధ్యలో ఏం పెట్టారో తెలియని చోట్ల వీపీఎన్ వాడడం మంచి అలవాటే. ఇంట్లో మీరు వెతికే ఆరోగ్య సంగతులు, చదివే సైట్లు నెట్ కంపెనీ రికార్డుల్లో ఉండకూడదని కోరుకుంటే అదీ న్యాయమైన కారణమే. దీనికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి మీకు ముఖ్యమైతే ముందుకు వెళ్దాం.

కంపెనీని ఎంచుకునేటప్పుడు మొదట తీసేయాల్సినవి ‘ఫ్రీ, అన్‌లిమిటెడ్, సూపర్ ఫాస్ట్’ అంటూ ప్లేస్టోర్లో వరసగా కనిపించే ఊరూపేరూ లేని యాప్‌లు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు 2016లో ఇతరులతో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను విప్పి చూస్తే, 38 శాతంలో మాల్‌వేర్ జాడలు దొరికాయి. 18 శాతం అసలు ఎన్‌క్రిప్షనే చేయడం లేదు. 84 శాతం నుంచి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) డేటా వీపీఎన్ బయటికి కారిపోతోంది. ఆ లెక్క పాతదే కానీ ఆ వ్యాపారం తీరు మారలేదు. సర్వర్లకీ బ్యాండ్‌విడ్త్‌కీ ప్రతి నెలా డబ్బు కావాలి. మీ దగ్గర తీసుకోకపోతే మీ సమాచారం నుంచి తీసుకుంటారు. ఉచితంగానే చూడాలనుకుంటే, డబ్బు కట్టేవాళ్ల ఖర్చుతో ఉచిత ప్లాన్ నడిపే కంపెనీలు ఉన్నాయి. ప్రోటాన్ వీపీఎన్ ఉచిత ప్లాన్‌కి డేటా పరిమితి లేదు, కాకపోతే ఒక్క పరికరం, దేశాన్ని మనం ఎంచుకోలేం. విండ్‌స్క్రైబ్ ఈమెయిల్ నిర్ధారించినవాళ్లకు నెలకు 10 జీబీ ఇస్తుంది. హాస్టల్ వైఫై కోసమే అయితే మీ అమ్మాయికి ఇవే చాలేమో, డబ్బు పెట్టేముందు వీటితో మొదలుపెట్టండి.

డబ్బు కట్టే కంపెనీ అయినా ‘మేం లాగ్స్ (మీ వాడకం రికార్డులు) ఉంచం’ అన్న మాటను మాటగా తీసుకోవద్దు. 2020 జులైలో యూఎఫ్‌ఓ వీపీఎన్ అనే సంస్థ అదే మాట చెబుతూ, వాడకందార్ల వివరాలున్న డేటాబేస్‌ని పాస్‌వర్డ్ కూడా లేకుండా నెట్‌లో వదిలేసింది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారెంటుతో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకి వెళితే, తీసుకెళ్లడానికి వాడకందార్ల డేటా ఏదీ లేక వట్టి చేతులతో వెనుదిరిగారు. మాటకీ చేతకీ తేడా ఇలాంటి చోట తెలుస్తుంది. యజమాని ఎవరో, ఏ దేశంలో నమోదైందో సైటులో రాసి ఉండాలి. బయటి ఆడిట్ సంస్థ నివేదిక ఉండాలి, అది గత రెండేళ్లలోపుదై ఉండాలి. యాప్‌లో వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్ (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) ఉండాలి. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లేస్టోర్లో కొన్ని వీపీఎన్ యాప్‌ల పక్కన ‘వెరిఫైడ్’ గుర్తు కనిపిస్తుంది. దీన్ని గూగుల్ 2025 జనవరిలో మొదలుపెట్టింది. బయటివాళ్లు భద్రతా పరీక్ష చేసిన యాప్‌లకే ఇస్తారు. గుర్తు ఉన్నంత మాత్రాన లాగ్స్ ఉంచరని కాదు కానీ, ఊరూపేరూ లేనివాటిని జల్లెడ పట్టడానికి అది పనికొస్తుంది.

మన చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. భారతదేశంలో వీపీఎన్ వాడకం మీద దేశవ్యాప్త నిషేధం లేదు. జమ్మూ కశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో మాత్రం అధికారులు తాత్కాలికంగా నిషేధించిన సందర్భాలున్నాయి. ఇక్కడ సేవలందించే వీపీఎన్ కంపెనీలు చందాదార్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఐపీ అడ్రస్‌లు కనీసం ఐదేళ్లు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశమిచ్చింది. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి భారత్‌లో ఉన్న సర్వర్లను తీసేశాయి. 2025 జనవరిలో ప్రభుత్వ ఆదేశంతో కొన్ని వీపీఎన్ యాప్‌లు మన ప్లేస్టోర్, యాప్‌స్టోర్ల నుంచి కూడా పోయాయి. మీరనుకున్న యాప్ స్టోర్లో దొరక్కపోతే దాని ఏపీకే వేరే సైటులో వెతకడం మొదలుపెట్టకండి. భద్రత కోసం బయల్దేరి మాల్‌వేర్ తెచ్చుకునే దారి అదే. నిషేధించిన సైటు వీపీఎన్‌లో తెరుచుకుంటే అది చట్టబద్ధం అయిపోదని అమ్మాయికి కూడా చెప్పండి.

సర్వర్లు తీసేశారంటే మీకు వచ్చే తేడా ఏమిటి? యాప్‌లో ‘ఇండియా’ అని కనిపిస్తుంది, కానీ అది చాలా కంపెనీల్లో వర్చువల్ సర్వర్. పెట్టె సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉంటుంది, ఐపీ అడ్రస్ మాత్రం భారత్‌ది ఇస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కాకినాడ నుంచి సింగపూర్ నేరుగా కొలిస్తే దాదాపు 2,900 కిలోమీటర్లు, అంటే పోయి రావడానికి ఎంత లేదన్నా 29 మిల్లీ సెకన్లు. కేబుల్ నేరుగా పోదు, చెన్నై తీరం దాకా వెళ్లి సముద్రం దిగాలి, మధ్యలో రౌటర్లున్నాయి. కాబట్టి 50 నుంచి 70 దాకా కనిపిస్తే మామూలే. మీరు ‘ఇండియా’ సర్వర్ పెట్టుకుని ముంబైలో ఉన్న సైటు తెరిస్తే డేటా సింగపూర్ వెళ్లి మళ్లీ ముంబై రావాలి. పక్క వీధికి వెళ్లే పని సముద్రం దాటి వస్తుంది. అదే పెట్టె లండన్‌లో ఉంటే ఇంకా ఘోరం. అమెరికా సర్వర్ అయితే 200 మిల్లీ సెకన్లు దాటడం ఖాయం. పేజీ వస్తుంది కానీ ప్రతి నొక్కుకీ చిన్న తడబాటు తెలుస్తుంది. పనిలేకుండా అమెరికా, యూరప్ సర్వర్లు పెట్టుకోవద్దు. మీకు సింగపూర్ నయం.

డబ్బు కట్టేటప్పుడు కంపెనీ సొంత సైటులోనే కట్టండి. యాపిల్ యాప్‌స్టోర్‌లో కొంటే రీఫండ్ యాపిల్‌ని అడగాలి, కంపెనీ చెప్పిన 30 రోజుల మాట అక్కడ చెల్లకపోవచ్చు. గిఫ్ట్ కార్డు, క్రిప్టో చెల్లింపులకు చాలామంది రీఫండ్ ఇవ్వరు. ‘రెన్యూవల్ ధర’ అన్న చిన్న అక్షరాలు చదవండి. మొదటి గడువుకి ఇచ్చిన తగ్గింపు రెండోసారి ఉండదు, రెట్టింపు పైన ఉండే ప్లాన్లు మామూలే. కార్డు ఆటోపే 15,000 రూపాయల లోపు అయితే ఓటీపీ అడగకుండానే పోతుంది, 24 గంటల ముందు ఒక మెసేజ్ మాత్రం వస్తుంది. కొన్న రోజే ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఆపినా కట్టిన గడువు దాకా సేవ నడుస్తుంది. యాప్‌ని ఫోన్లోంచి తీసేస్తే చందా రద్దయినట్టు కాదు. కొన్న రోజు నుంచి 25వ రోజుకి ఫోన్ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. 30వ రోజు అర్ధరాత్రి ఏ దేశం గడియారం ప్రకారమో అని వాదించుకునే అవసరం ఉండదు.

ఇప్పుడు పరీక్ష. యాప్ వేయకముందే కొలతలు రాసుకోవాలి, లేకపోతే తర్వాత ‘ఏదో నెమ్మదిగా ఉంది’ అనుకోవడమే మిగులుతుంది. ఒక ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపి, మిగతావాళ్లు వీడియోలు చూడని సమయంలో స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేయండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (డేటా పోయి రావడానికి పట్టే మిల్లీ సెకన్లు) మూడూ రాసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. వైఫైలో చేస్తే గోడలని కొలిచినట్టవుతుంది, వీపీఎన్‌ని కాదు. తర్వాత వీపీఎన్ వేసి అవే సమయాల్లో, అదే కేబుల్‌తో మళ్లీ చేయండి. మీ 100 ఎంబీపీఎస్‌లో దగ్గరి సర్వర్‌కి, వైర్‌గార్డ్ మీద 85 పైన వస్తే చాలా బాగున్నట్టు. 60 కంటే తక్కువైతే ముందు సెట్టింగ్స్‌లో ప్రోటోకాల్ చూడండి. కొన్ని యాప్‌లు ‘ఆటో’లో ఉంచితే ఓపెన్‌వీపీఎన్ టీసీపీకి జారిపోతాయి, అది బాగా నెమ్మది. వైర్‌గార్డ్ అని చేత్తో ఎంచుకోండి. కొన్ని కంపెనీలు దాన్నే మార్చి వేరే పేరు పెట్టుకున్నాయి. నార్డ్‌లో దాని పేరు నార్డ్‌లింక్స్. అయినా రాకపోతే అదే ఊళ్లో ఇంకో సర్వర్‌కి మారండి.

వేగం కన్నా ముఖ్యమైనది లీక్ పరీక్ష, అంటే వీపీఎన్ వేసినా మీ అసలు అడ్రస్ బయటపడుతోందేమో చూడడం. చాలామంది దీన్ని వదిలేస్తారు. వీపీఎన్ ఆపి బ్రౌజర్లో ఐపీలీక్ డాట్ నెట్ తెరవండి. మీ అసలు ఐపీ అడ్రస్‌లు రాసుకోండి. రెండు రకాలు ఉండొచ్చు: చుక్కలతో విడదీసిన పాతది ఐపీవీ4, కోలన్లతో విడదీసిన పొడుగాటిది ఐపీవీ6. ఇప్పుడు వీపీఎన్ వేసి పేజీని మళ్లీ తెరవండి. రాసుకున్న వాటిలో ఒక్కటి కూడా ఎక్కడా కనిపించకూడదు. మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి ఐపీవీ6 ఉంటుంది కాబట్టి లీక్ జరిగేది ఎక్కువగా అక్కడే. పైన సింగపూర్ అని చూపిస్తూనే కింద 2405:201 అని మొదలయ్యే అడ్రస్ ఉంటే జియో ఫైబర్ దారి తెరిచే ఉందని అర్థం, 2401:4900 అయితే ఎయిర్‌టెల్. అప్పుడు యాప్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 లీక్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. అది లేని యాప్ అయితే రీఫండ్ అడగండి, ఇంకో ఆలోచన వద్దు. అదే పేజీలో డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ వెతికిచ్చే సేవ) అడ్రస్‌ల పట్టిక ఉంటుంది. దాంట్లో మీ నెట్ కంపెనీ పేరు కనిపిస్తే మీరు వెతికే సైట్ల పేర్లు ఇంకా వాళ్ల దగ్గరికే వెళ్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’, క్రోమ్‌లో ‘సెక్యూర్ డీఎన్ఎస్’ విడిగా పెట్టి ఉంటే వీపీఎన్ డీఎన్ఎస్ బదులు అవి కనిపించొచ్చు. అది నెట్ కంపెనీకి లీక్ కాదు, గాభరా పడొద్దు.

కిల్ స్విచ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఇళ్లలో గొడవలు మొదలవుతాయి. వీపీఎన్ మధ్యలో తెగిపోతే నెట్ మామూలు దారిలో పోకుండా ఆపేసేది కిల్ స్విచ్. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వీపీఎన్, పక్కన ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కితే ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’, దాని కింద ‘బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్’ ఉంటాయి. శామ్‌సంగ్‌లో కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ లోపల చూడండి. మరోవైపు స్ప్లిట్ టన్నెలింగ్ అని ఇంకో సౌకర్యం ఉంది: బ్యాంకు యాప్, యూపీఐ యాప్ లాంటి వాటిని వీపీఎన్ బయట ఉంచమని చెప్పడం. రెండూ మంచివే, కానీ ఆండ్రాయిడ్‌లో రెండూ కలిపి పెడితే, బయట ఉంచిన బ్యాంకు యాప్‌కి నెట్ పూర్తిగా ఆగిపోతుంది. వీపీఎన్‌లో లేని కనెక్షన్‌ని ఆపమని మీరే చెప్పారు కదా. యాప్ పాడైందనుకుని మూడుసార్లు తీసి వేసి, చివరికి బ్యాంకుకి వెళ్లేవాళ్లున్నారు. ఇంట్లో వాడే ఫోన్లో స్ప్లిట్ టన్నెలింగ్ పెట్టుకుని ఆ బ్లాక్ బటన్ ఆపేయండి. హాస్టల్లో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మాత్రం కిల్ స్విచ్ ఆన్‌లో ఉండాలి. ఐఫోన్‌లో యాప్‌లవారీగా విడదీసే ఏర్పాటు మామూలుగా దొరకదు. డబ్బు పంపేటప్పుడు వీపీఎన్ ఆపి, తర్వాత వేసుకోవడమే.

బ్యాంకు యాప్‌లని బయట ఎందుకు ఉంచాలి? కాకినాడలో పొద్దున లాగిన్ అయిన ఖాతా గంటలో సింగపూర్ నుంచి తెరుచుకుంటే బ్యాంకు అనుమానించడం సరైన పనే. లాగిన్ ఆపేయొచ్చు, ఖాతాను తాత్కాలికంగా బిగించొచ్చు. కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీ అడ్రస్‌కి అసలు తెరుచుకోవు. పేజీ తిరుగుతూనే ఉంటుంది, కారణం రాయదు. ఫీజు కట్టే చివరి రోజు ఇలా జరిగితే సైటు డౌన్ అయిందనుకోకండి, ముందు వీపీఎన్ ఆపి చూడండి. గూగుల్ మాటిమాటికీ ‘మీరు రోబో కాదని చూపండి’ అని బస్సుల బొమ్మలు ఇస్తే, ఆ సర్వర్ ఐపీని మీతోపాటు వందలమంది వాడుతున్నారని అర్థం, సర్వర్ మార్చండి. ఓటీటీలు కూడా వీపీఎన్ ఐపీలను గుర్తుపట్టి ఆపేస్తాయి. వేరే దేశం సినిమాల కోసం వీపీఎన్ కొనడం పందెం కాయడమే, పైగా చాలా ఓటీటీల నిబంధనలకు విరుద్ధం. ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ అవ్వకపోయినా, వైఫై ప్రింటర్ కనపడకపోయినా యాప్‌లో ‘అలౌ లాన్’ అన్నది ఆన్ చేయండి.

ఒక్క చిక్కు మాత్రం మనుషుల్ని బాగా తిప్పుతుంది. వీపీఎన్ కనెక్ట్ అయింది, వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తున్నాయి, చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి, కానీ పెద్ద పేజీలు సగంలో ఆగుతాయి, ఫొటోలు అప్‌లోడ్ కావు. స్పీడ్ టెస్ట్ మొదలై సున్నా దగ్గర నిలబడుతుంది. ఇది ప్యాకెట్ సైజు గొడవ. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్లో పెట్టే పీపీపీఓఈ కనెక్షన్ అయితే అందులో 8 పోయి 1492 మిగులుతుంది. వైర్‌గార్డ్ ఐపీవీ6 మీద నడిస్తే ఇంకో 80 కావాలి. మిగిలింది 1412. యాప్ మాత్రం అలవాటుగా 1420 పంపిస్తుంది. పట్టని ప్యాకెట్లు దారిలో పడిపోతాయి, చిన్నవి దాటిపోతాయి. అందుకే సగం పనిచేసి సగం పనిచేయనట్టు కనిపిస్తుంది. యాప్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఉంటే 1280 అని రాయండి, వెంటనే సర్దుకుంటుంది. ఆ సెట్టింగ్ లేని యాప్‌లో ప్రోటోకాల్‌ని ఓపెన్‌వీపీఎన్‌కి మార్చి చూడండి.

మీ వారి ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మాత్రం ముట్టుకోవద్దు. దాంట్లో కంపెనీ వీపీఎన్ ఎటూ ఉంటుంది. పైన ఇంకోటి వేస్తే రెండూ దారుల కోసం కొట్టుకుని రెండూ ఆగిపోవచ్చు. అవి కలిసి పనిచేసినా ఇంకా ప్రమాదం: ఉద్యోగి సింగపూర్ నుంచి లాగిన్ అయినట్టు కంపెనీకి హెచ్చరిక వెళ్తుంది. రౌటర్లో వద్దన్నది ప్రధానంగా ఇందుకే. రౌటర్లో పెడితే మీ వారి ల్యాప్‌టాప్, మామగారి బ్యాంకు యాప్, టీవీ అన్నీ ఒకేసారి సింగపూర్ వెళ్లిపోతాయి. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాల్లో వీపీఎన్ క్లయింట్ సౌకర్యం సాధారణంగా ఉండదు, వేరే రౌటర్ కొనాలి. చవక రౌటర్ల ప్రాసెసర్ ఎన్‌క్రిప్షన్ బరువు మోయలేదు. ఓపెన్‌వీపీఎన్ మీద 20, 30 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయేవి చాలా ఉన్నాయి. నెల రోజులు ఒకే పరికరంలో నడిపి, నిజంగా అలవాటయ్యాకే ఆ ఖర్చు గురించి ఆలోచించండి.

25వ రోజున రాసుకున్న కాగితం తీయండి. లీక్ పరీక్ష నెగ్గిందా, మీ ఫోన్లోనో అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనో అది వారంలో చాలా రోజులు ఆన్‌లోనే ఉందా, లేక చిరాకేసి ఆపేసి మర్చిపోయారా? ఆపేసి మర్చిపోయిన వీపీఎన్‌కి రెండేళ్ల డబ్బు కట్టడం దండగ. రీఫండ్ అడిగితే చాట్‌లో ముందు ఇంకో ఆఫర్ ఇస్తారు, ఇంకో నెల ఉచితం అంటారు. ఆ నెలలో గడువు దాటిపోతుంది. ‘రీఫండ్ కావాలి, వేరే ఏమీ వద్దు’ అని రాసి, ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఉంచుకోకూడదని తేలితే నెట్ కంపెనీకి సైట్ల పేర్లు కొంతైనా తగ్గించి చూపించే ఉచిత మార్గం ఒకటుంది: ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. క్వాడ్9 తెలిసిన మోసపు సైట్లను కూడా ఆపుతుంది, మామగారి ఫోన్‌కి వీపీఎన్ కన్నా ఇదే ఎక్కువ మేలు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్నదే అయితే అది మార్చండి.

వీపీఎన్ యాప్ తీసేసే రోజు ముందుగా కిల్ స్విచ్, ఆల్వేస్ ఆన్ రెండూ ఆపండి, తర్వాత డిస్‌కనెక్ట్ చేసి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కిల్ స్విచ్ ఆన్‌లో ఉండగా తీసేస్తే కొన్నిసార్లు నెట్ మొత్తం ఆగిపోయి ఉంటుంది. అలా అయితే అదే యాప్‌ని మళ్లీ వేసి, స్విచ్ ఆపి, తీసేయండి. వేయడానికి కూడా నెట్ లేకపోతే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కి రీస్టార్ట్ చేయండి. వైఫై పాస్‌వర్డ్‌లు మళ్లీ కొట్టాల్సి వస్తుంది, కాబట్టి అవి ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.